పెనుగొండకని బయల్దేరి రాజమండ్రి ఆస్పత్రికి

పెనుగొండ అమ్మవారు మా ఇలవేల్పు. కార్తీకంలో ఒకసారి దర్శనం చేసుకోవాలని మా పెద్దక్క మంగతాయారుకి ఎప్పటినుంచో కోరిక. గోదావరి మీద కొత్త రైలు వంతెన వేసిన కొత్తల్లో సంగతిది. బావ కొబ్బరికాయల వ్యాపారం మీద ఉత్తరాది వెళ్ళాడు, కోడలు ఇల్లు చూసుకుంటానంది. ఇంకేం, అక్కా నేనూ పాలకొల్లులో ఆరింటి బస్సెక్కాం. మీరూ వెళ్తే ఆ వేళకే ఎక్కండి, ఎండెక్కితే కూర్చోడానికి చోటుండదు.

గుడి దగ్గర దిగి పువ్వులు కొంటుంటే అక్క నా చెయ్యి పట్టి పక్కకి లాగింది.

“నువ్వెళ్ళి దణ్ణం పెట్టుకురావే. ఇందాక బస్సులో అయింది, నేను లోపలికి రాకూడదు.”

“అదేంటే! నీకు ఆగిపోయి ఏళ్ళయింది కదా?”

“ఉగాది నుంచీ మళ్ళీ మొదలైంది. నెలకి రెండు మూడు సార్లు. ఒళ్ళు వేడి చేసిందిలే. పెరటి వసారాలో కోడలు చాప వేస్తుంది, మూడు రోజులు కూర్చుని నాలుగోనాడు తలకి పోసుకుంటాను.” సిగ్గుపడుతూ నవ్వింది కూడా. “అత్తయ్యకి మళ్ళీ వయసొచ్చిందని వేళాకోళం చేస్తోంది.”

ఆగిపోయాక మళ్ళీ కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యొద్దని వారపత్రికలో డాక్టరు శీర్షికలో చదివాను. ఈవిడేమో ఉగాది నుంచి కార్తీకం దాకా మడత పెట్టిన పాతచీర గుడ్డతో చాప మీద కూర్చుంది! ఇంటిల్లిపాదీ ముట్టనుకుని అంటు పాటించారే గానీ, ఈ వయసులో ఇదేంటని ఒక్కరూ అడగలేదు.

“దర్శనం లేదు, గిర్శనం లేదు, పద!” అన్నాను. గుడి ముందు అరిచానని అక్క లెంపలేసుకుంది.

పెనుగొండ నుంచి తణుకు బస్సు, తణుకులో ఇడ్లీ, పదిన్నరకి రాజమండ్రి ప్యాసింజరు. ఆడవాళ్ళ పెట్టెలో ఎదురుగా కూర్చున్నావిడ మా సంగతి విని, “దానికింత కంగారెందుకండీ? గర్భసంచి తీయించేస్తే సరి. మా వీధిలో అందరం తీయించేసుకున్నాం” అంది, పిప్పిపన్ను పీకించుకున్నంత తేలిగ్గా. నిడదవోలులో బండి చాలాసేపు ఆగింది. వంతెన మీద అక్క గోదావరి తల్లికి దణ్ణం పెట్టి చిల్లర విసిరింది.

స్టేషను నుంచి రిక్షాలో ఆస్పత్రికి వెళ్ళాం. మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, ఎదురుగా కూర్చుంది.

“కాపురానికి ఎన్నో ఏట వచ్చారమ్మా?”

“పధ్నాలుగండి. పెద్దమనిషినైన ఏడాదే పంపేశారు.”

“కాన్పులు?”

“ఏడండి. దక్కింది నలుగురు.”

“మీవారు ఎక్కువగా బయటూళ్ళలో ఉంటారా?”

అక్క కొంగు వేలికి చుట్టుకుంది. “ఉంటారండి. ఆ ఊళ్ళలో ఆయనకి ఎవరో ఒకరు ఉంటారని మా వాళ్ళందరికీ తెలుసండి.”

అందరికీ తెలుసట. నాకు తెలియదు! ముప్పై ఏళ్ళుగా ఆ బావకి నేను కాఫీ కలిపిస్తున్నాను.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండుంది, చూడ్డానికి క్యాన్సరులాగే ఉంది, పొద్దున్నే ముక్క తీసి పరీక్షకి పంపుతానంది. ఇది మగవాళ్ళ నుంచి అంటుకునే ఒక వైరస్ వల్ల వస్తుందట. మరీ చిన్నప్పుడే కాపురం, ఎక్కువ కాన్పులు, భర్త తిరుగుళ్ళు, ఇవన్నీ ముప్పు పెంచేవేనట.

“నేను పరాయి మగాణ్ణి కన్నెత్తి చూడలేదండి,” అంది అక్క.

“మీరు చూడక్కర్లేదమ్మా. ఇది తప్పు చేసినందుకు వచ్చే జబ్బు కాదు.”

నేనుండబట్టలేక, “నాకు అసలు పిల్లల్లేరండి. నాకీ బాధ లేనట్టేనా?” అన్నాను.

“అలా అనుకోకూడదండి. పైగా పిల్లల్ని కననివాళ్ళకి రొమ్ములో, గర్భసంచి లోపల వచ్చే క్యాన్సర్ల ముప్పు కాస్త ఎక్కువ. మీరూ చూపించుకోండి.”

ఓరి నాయనో! కంటే ఒకటి, కనకపోతే ఇంకొకటీనా? గొడ్రాలినని ఊరంతా అన్న మాటలు పడ్డాను, ఇదొక్కటే మిగిలిందనుకున్నాను.

ఆ రాత్రి స్టేషను దగ్గర సత్రంలో పడుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, నీళ్ళు మాత్రం తెల్లవారకముందే పట్టుకోవాలి. పొద్దున్న ముక్క తీశాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. “మొదట్లోనే వచ్చుంటే ఆపరేషన్‌తో పోయేదండి. ఫలితం రాగానే విశాఖపట్నం తీసుకెళ్ళి కరెంటు, అంటే రేడియేషను, పెట్టించాలి. నయమయ్యే అవకాశం ఇంకా ఉంది. ఇంక ఆలస్యం చేస్తే నేను చెప్పలేను.” వరండాలో నిలబడి ఏడ్చాను. వైరస్ మీద కన్నా ఆ చాప మీదే నాకు కోపం వచ్చింది.

మధ్యాహ్నం భీమవరం బండిలో మళ్ళీ ఆడవాళ్ళ పెట్టె. కొవ్వూరు దాటింది. అక్క మగవాళ్ళున్నచోట దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి. ఉన్నట్టుండి లేచి, పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడింది.

“అమ్మా, మీలో ఎవరికైనా ఆగిపోయాక మళ్ళీ అవుతోందా? నాకయింది. వేడనుకున్నాను. క్యాన్సరంట.”

ఒకావిడ ఛీ అని మొహం తిప్పుకుంది, పడుచుపిల్లలు తలలొంచుకున్నారు. చేసేది లేక అక్క కూర్చుంది.

నిడదవోలు దాటాక తలుపు దగ్గర నేలమీద కూర్చున్న ఒక పెద్దావిడ, ఖాళీ చేపల తట్ట పక్కకి నెట్టి, మా బల్ల దాకా జరిగి వచ్చింది.

“నాకవుతుందమ్మా,” అంది, ఎవరికీ వినపడకుండా. “వరి ఊడుపులప్పట్నుంచి. ఎవరికి చెప్పుకోను?”

అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఏ స్టేషనులో దిగాలి, రిక్షావాడికి ఏమని చెప్పాలి, డాక్టరమ్మ ఏమేం అడుగుతుంది, వేటికి సిగ్గుపడకూడదు, అన్నీ మొదట్నుంచి చెప్పసాగింది. ఇంతలో తణుకు వచ్చింది. “అక్కా, దిగాలే!” అని సంచీ భుజానికి తగిలించుకున్నాను.

“ముందొచ్చే అత్తిలిలో దిగుదాంలే. ఈవిడకి ఇంకా సగం కూడా చెప్పలేదు,” అంది అక్క.

బండి కదిలింది. నేను సంచీ దించేశాను.