విద్యావతి భుజాలు దించింది

స్కోఫీల్డ్స్ అనే పేటలో ఒక చైల్డ్‌కేర్ సెంటర్‌లో వంట చేసే విద్యావతికి యాభై మూడో ఏట పియానో పిచ్చి పట్టుకుంది. పక్కింటివాళ్లు ఇల్లు మారుతూ, మోసుకెళ్లలేక ఇచ్చేసిన పియానోతో మొదలైందది. టీచరంటూ ఎవరూ లేరు. మూడేళ్లపాటు ఫోన్‌లో వీడియోలు చూస్తూ, పని నుంచి రాగానే డైనింగ్ కుర్చీ లాక్కుని వాయించేది.

ఒకరోజు సెంటర్లో పాస్తా గిన్నె ఎత్తబోతే కుడి మణికట్టు కలుక్కుమంది. ఎముకలో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. రోజూ పియానో వాయిస్తానని చెప్పింది. "పియానో ఎలా వాయిస్తున్నారో ఎవరికైనా చూపించండి" అన్నాడు.

పక్క పేట ద పాండ్స్‌లో పిల్లలకు పియానో నేర్పే సింధుజ దగ్గరికి వెళ్లింది. విద్యావతి వాయిస్తుంటే ఆ అమ్మాయి పక్కనుంచి వీడియో తీసి చూపించింది. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. మణికట్టు పియానో మెట్లకంటే కిందకి వేలాడుతోంది. వేళ్లు అప్పడాల్లా చదునుగా ఉన్నాయి.

"అయ్యబాబోయ్! మూడేళ్లూ ఇలాగే వాయించానా? నేర్చుకున్నదంతా వేస్టేనా?"

"వేస్ట్ కాదు ఆంటీ. నోట్స్ అన్నీ కరెక్టే. చేతులకే కొత్త అలవాటు కావాలి. సిక్స్ వీక్స్ పాటలు వద్దు, ఓకేనా?"

ముందు సీటు ఎత్తు పెంచింది. తర్వాత ఒకే వేలు, ఒకే మెట్టు. "నొక్కకండి ఆంటీ. చెయ్యి బరువు దాని మీద వదిలెయ్యండి, అంతే." విద్యావతికి అలా వదలడం రాలేదు. రెండో వారం విసుగొచ్చి, ఇంట్లో పాత పాట దొంగతనంగా వాయించింది. నొప్పి మళ్లీ మొదలైంది. మర్నాడు సింధుజతో నిజం చెప్పేసి, మళ్లీ ఒక వేలితో మొదలుపెట్టింది.

నాలుగో వారం, శనివారం సాయంత్రం, అయిదు వేళ్లూ వరసగా, గబగబా మెట్ల మీద పరుగెత్తాయి. నొప్పి లేదు! మళ్లీ వాయించింది. మళ్లీ లేదు! పెరట్లో మొక్కలకు నీళ్లు పెడుతున్న భర్త శేషగిరి దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికింది.

"ఏవండీ, ఈ చెయ్యి పట్టుకు చూడండి! మెత్తగా ఉంది! కర్రలా లేదు!"

ఆయన పైపు వదిలేసి లోపలికొచ్చి, నిలబడే పదిసార్లు విన్నాడు.

రెండు నెలల తర్వాత సింధుజ శిష్యుల కచేరీ జరిగింది. పన్నెండుమంది పిల్లలు, విద్యావతి. ఆమె వంతు వచ్చింది. పాట సగంలో భుజాలు పైకి లేస్తున్నట్టు తనకే తెలిసింది. ఊపిరి వదిలి దించుకుంది. ఒక స్వరం తప్పింది, ఆగలేదు. చివరి వరస వేళ్ల కింద జలజలా జారిపోయింది.

"You were so fast!" అంది, ఆమె తన సీటుకు తిరిగి రాగానే, చప్పట్లు కొడుతున్న పక్క సీట్లోని ఏడేళ్ల పాప.

ఆ చప్పట్లు ఆగకముందే విద్యావతి సింధుజను వెతికి పట్టుకుంది. "తర్వాతి పాట ఏంటమ్మా?"

"నెక్స్ట్ వీక్ చూద్దాం ఆంటీ."

"అంతవరకూ ఎవరాగుతారు? ఆ పాట ఉన్న పుస్తకం ఇప్పుడే ఇచ్చెయ్!"