గల్లీ చివరి ఇల్లు

మొన్న చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే, ఎండకు కాగిన నూనె వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు నర్సయ్యగారే గుర్తొస్తారు. శాలిబండ సెక్షన్‌లో ఆయన లైన్ ఇన్‌స్పెక్టర్, నేను కొత్తగా చేరిన సబ్ ఇంజనీరుని. కాగితం మీద నేనే పైదాన్ని, పని నేర్పింది మాత్రం ఆయన.

అప్పటికే పాత విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. ఉత్పత్తికొక కంపెనీ, పెద్ద లైన్లకొకటి, ఇళ్లకు సరఫరా చేసే మాది ఇంకొకటి. జనానికి అవేవీ పట్టలేదు గానీ, ఒక మార్పు మాత్రం బాగా తగిలింది. ఇదివరకు కరెంటు పోతే మా ఆఫీసుకే వచ్చి, నర్సయ్యగారితో కాసేపు లొల్లి పెట్టుకుని, వెంటబెట్టుకుని పోయేవాళ్లు. ఇప్పుడు అందరికీ ఒకటే ఫోన్ నంబరు. అవతల ఎత్తినవాళ్లకు శాలిబండ ఏ దిక్కునుందో తెలియదు. ఫిర్యాదు మా కంప్యూటర్లో పడేది, పని అయిందని రాసి గడువులోగా మూయకపోతే ఎర్రబడేది. ఆ ఎరుపంటే నాకు చచ్చేంత భయం.

నర్సయ్యగారికొక పట్టింపు ఉండేది. ఫ్యూజు వేశాక గల్లీ చివరి ఇంటిదాకా నడిచి, అక్కడ ఫ్యాను తిరగడం చూస్తేగానీ పని అయిందనేవారు కాదు. "తీగ ఆడిదాంక పోయింది గద మేడమ్, మనం పోతే ఏంది?" అనేవారు. ముసలాయన చాదస్తమని నవ్వుకునేదాన్ని.

ఒక మే మధ్యాహ్నం ఒక గల్లీ మొత్తానికి కరెంటు పోయింది. ఫ్యూజు వేయించాను, ఇళ్లలో లైట్లు వెలిగాయి. గడువు దగ్గరపడటంతో వెంటనే ఫిర్యాదు మూయించేశాను. నర్సయ్యగారు అలవాటు ప్రకారం లోపలికి నడిచారు. కాసేపటికి ఆయన ఫోన్: "మేడమ్, జల్ది రాండ్రి."

చివరి ఇంట్లో ఒక పెద్దాయన ఆక్సిజన్ యంత్రం మీద బతుకుతున్నారు. అది ఆగిపోయింది. ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. కూతురు అట్టముక్కతో విసురుతూ ఏడుస్తోంది. "మళ్ల ఫోన్ చేసిన మేడమ్. మీ గల్లీల కరెంటొచ్చేసింది, మీ ఇంట్ల వైరింగ్ జూస్కోన్రి అన్నరు" అంది. ఆ మాట వాళ్ల చేత అనిపించింది నేనే.

స్తంభం మీద ఆ ఒక్క ఇంటి తీగ ఊడిపోయింది. "ఫికర్ మత్ కరో బేటీ" అని ఆ కూతురికి ధైర్యం చెప్పి, నర్సయ్యగారు నా చేత మళ్లీ ఫ్యూజు తీయించి, రిటైరయ్యే వయసులో తానే నిచ్చెన ఎక్కి తీగ బిగించారు. యంత్రం తిరిగింది. పెద్దాయన బతికారు.

తిరిగొస్తుంటే ఆయన నన్ను తిట్టలేదు. "కంప్యూటర్ల అబద్ధం రాసినం మేడమ్. పోయి దిద్దుండ్రి" అన్నారంతే. ఆ 'రాసినం'లో తననూ కలుపుకున్నందుకు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఫిర్యాదు మళ్లీ తెరిపించి, ఎర్రబడనిచ్చాను.

నర్సయ్యగారు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నా కింద నాలుగు సెక్షన్లున్నాయి. చివరి ఇంటివాళ్లు 'వచ్చింది' అనేదాకా ఎవరినీ ఫిర్యాదు మూయనివ్వను. అందుకే ఫిర్యాదులు గడువులోగా ఎవరెన్ని మూశారో చూపే జాబితాలో నెలనెలా అట్టడుగున ఉండేది మేమే. మీటింగులో అందరి ముందూ నిలబెట్టి సంజాయిషీ అడుగుతారు. చెప్పి కూర్చుంటాను. భయం మాత్రం వేయదు.