శివారు చెరువుకి ఒక సీసా గోదావరి

మా సూరమ్మ పిన్ని కార్డు రాస్తే అందులో రెండే విషయాలుంటాయి. ఎవరికి ఒంట్లో బాగాలేదు, నేను ఎందుకు రావడం లేదు. ఆ ఏప్రిల్లో వచ్చిన కార్డులో మూడోది కూడా ఉంది. "కాలువ కట్టేసేలోపు ఒకసారి రా. వచ్చేటప్పుడు గోదావరి రేవులో నీళ్ళు ఒక సీసాడు పట్టుకురా. మర్చిపోయావంటే గుమ్మం ఎక్కనివ్వను."

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. ఊరు నరసాపురానికి అవతల, సముద్రానికి కూతవేటు దూరంలో, కాలువ చిట్టచివర. నీళ్ళు పూజకి కాబోలనుకున్నాను. అరవై దాటాక భక్తి ముదిరిందని నవ్వుకున్నాను కూడా.

తొంభైల చివరి మాట ఇది. అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక బడిలో సోషల్ చెప్పేదాన్ని. డెల్టా పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. ఆనకట్ట కట్టిన దొర, లాకులు, ధాన్యాగారం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, నల్లబల్ల మీద నీలం సుద్దతో కాలువలు గీసేదాన్ని. సముద్రం దాకా వచ్చేసరికి సుద్ద అరిగిపోయేది. పిన్ని ఊరు సరిగ్గా ఆ అరిగిపోయిన చోట ఉంటుంది.

శుక్రవారం తెల్లవారుతుండగా పుష్కరాల రేవుకి వెళ్ళాను. మెట్ల దగ్గరే సీసా ముంచబోతే, స్నానం చేస్తున్న ఒకావిడ కసిరింది. "అక్కడ సబ్బు నురగండీ. నాలుగడుగులు లోపలికొచ్చి ముంచుకోండి." చీర మోకాళ్ళదాకా తడుపుకుని ముంచుకున్నాను. ఆ తడి చీరతోనే ఆరు గంటలకి కాకినాడ నుంచి వచ్చే నరసాపురం పాసింజరు ఎక్కాను.

వంతెన మీద అందరూ కిటికీల్లోంచి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టాను. నిడదవోలులో బండి చాలాసేపు ఆగింది. ఇడ్లీ పొట్లం తిన్నాను, చట్నీ మాత్రం కారం తప్ప ఇంకేమీ లేదు. చిన్నప్పుడు అమ్మతో ఇక్కడినుంచే పడవెక్కేవాళ్ళం. లాకులో తలుపులు మూసి నీళ్ళు దించుతుంటే పడవ మెల్లగా కిందికి దిగేది, గోడలు పైకి లేచేవి. నేను భయంతో అమ్మ కొంగు పట్టుకునేదాన్ని. పిన్ని ఇల్లు చేరేసరికి మర్నాడయ్యేది. కుండలోంచి ముంచి ఇచ్చే ఆ మొదటి గ్లాసు మంచినీళ్ళ కోసం దారంతా దాహం దాచుకునేదాన్ని.

తణుకులో ఎదురు సీట్లోకి ఒకాయన మారాడు. కాళ్ళ దగ్గర అట్టపెట్టె, అందులో నీళ్ళూ గాలీ నింపిన ప్లాస్టిక్ సంచులు. కాకినాడ నుంచి రొయ్యపిల్ల తీసుకెళ్తున్నాడట. ఎండ తగలకుండా పెట్టె మీద తువ్వాలు కప్పి, పసిపిల్ల నిద్రపోతున్నట్టు మాటిమాటికీ ఎత్తి చూస్తున్నాడు.

"వరి మానేశారాండీ?" అన్నాను.

"మానేదేంటండీ, వరే మమ్మల్ని మానేసింది. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేశారు. మధ్యలో నా అరెకరంలో ఉప్పు ఊరిపోయింది. ఇంక నేనూ తవ్వేశాను." తువ్వాలు సర్దుతూ, "నా తర్వాత పక్కోడిక్కూడా ఇదే అనుకోండి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద పెట్టుకోవాలంటే మాత్రం ఆ తువ్వాలు అడ్డొచ్చింది.

నరసాపురంలో దిగేసరికి పది. పదిన్నర బస్సు పదకొండింటికి కదిలింది. టికెట్టు ఆరు రూపాయలు, కుదుపులు ఉచితం. నేను ఎరిగిన పచ్చటి దారి ఎక్కడా కనిపించలేదు. కొబ్బరిచెట్ల వెనక ఎటుచూసినా చతురస్రంగా చెరువులే, వాటిలో నీళ్ళకి గాలి పట్టిస్తూ గిరగిరా తిరుగుతున్న చక్రాలే. పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న బెస్త ఆవిడ నా సీసా చూసి, "తాగే నీళ్ళాండీ? మంచి పని చేశారు" అంది. మీలో ఎవరైనా ఏప్రిల్లో ఆ వైపు వెళ్తే ఆవిడ మాటే నా మాట.

పన్నెండింటికి ఇల్లు చేరాను. పిన్ని గుమ్మంలోనే ఉంది. "తెచ్చావా?" అంది, ఎలా ఉన్నావని కూడా అడగకుండా. సీసా లాక్కుని ఒక సంచిలో పెట్టి పక్కన ఉంచుకుంది. దేవుడి దగ్గర పెట్టలేదు. చిన్నకోడలు పద్మ భోజనం వడ్డించింది. జంగారెడ్డిగూడెం పిల్ల, కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు. పప్పు పలుకుపలుకుగా ఉంది.

"ఎంతసేపు పెట్టినా ఉడకట్లేదండీ వదినగారూ" అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ.

పిన్ని తలెత్తలేదు. గబగబా తినేసి లేచిపోయింది.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. ఆలోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వచ్చేదాకా, అంటే దాదాపు రెండు నెలలు, ఊరంతా తాగేవి అవే. కాలువ చివర కాబట్టి పై ఊళ్ళు వాడుకోగా మిగిలినవే వస్తాయి. వాటిలో రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు కలుస్తాయి, పోటు మీద సముద్రం కూడా ఎగదన్నుతుంది. అందుకని చెరువు తూము ఎత్తేముందు ఒక మనిషి కాలువ నీళ్ళు నోట్లో పోసుకుని చూడాలి. ఆ మనిషి తియ్యగా ఉన్నాయంటేనే తలుపు లేస్తుంది. ఒకప్పుడు పిన్ని అత్తగారు చూసేది. ఆవిడ పోయాక పాతికేళ్ళుగా పిన్నే. ఆ ఊళ్ళో ప్రెసిడెంటు మాటకి ఎదురు చెప్పినవాళ్ళున్నారు గానీ, తూము దగ్గర పిన్ని మాటకి చెప్పినవాళ్ళు లేరు.

నాలుగింటికి అందరం గట్టు మీద చేరాం. కాలువ మర్నాడు మధ్యాహ్నం కట్టేస్తారు. ప్రెసిడెంటుగారు గడియారం చూసుకుంటున్నారు. నీళ్ళు వదిలే లస్కరు తూము చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పిన్ని ఇత్తడి గ్లాసుతో కాలువలో ముంచి, ఒక గుక్క పుక్కిలించి మింగింది. "తియ్యగానే ఉన్నాయి" అంది.

లస్కరు చక్రం తిప్పబోయాడు. "ఉండు" అంది పిన్ని.

సంచిలోంచి నా సీసా తీసింది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. మళ్ళీ కాలువ నీళ్ళు ఒక గుక్క. ఆవిడ మొహం మారిపోయింది. గ్లాసు నా చేతికిచ్చింది. "నువ్వు చూడవే. నీది ఈ నీళ్ళకి అలవాటుపడని నోరు."

నోట్లో పోసుకోగానే తెలిసింది. ఉప్పు. ఘాటుగా కాదు, గొంతు దిగాక నాలుక చివర మిగిలే ఉప్పు. చుట్టూ ఊరు ఊరంతా నన్నే చూస్తోంది. పాతికేళ్ళ పిన్ని పరువు నా నోట్లో ఉంది. అబద్ధం చెప్పాలని నిజంగా అనిపించింది. కానీ ఆవిడ నన్ను పిలిపించుకున్నది అందుకు కాదు.

"ఉప్పగా ఉన్నాయి పిన్నీ."

గట్టంతా గోల లేచింది. "అదేంటమ్మా, సూరమ్మగారు బావున్నాయన్నాక?" అన్నారు ప్రెసిడెంటుగారు. "రేపు కట్టేస్తారండీ, ఇప్పుడెత్తకపోతే చెరువు నిండదు. పట్నం నోటికి అన్నీ ఉప్పగానే ఉంటాయి."

"ఆ పిల్లని అనకండి ప్రెసిడెంటుగారూ" అంది పిన్ని. "పోయినేడు నేను తియ్యగా ఉన్నాయనే ఎత్తించాను. వేసవంతా ఒక్క ఇంట్లో పప్పు ఉడకలేదు. సెలవులకొచ్చిన చుట్టాల పిల్లలు మన నీళ్ళు ఉమ్మేశారు. మనకి మాత్రం ఏమీ తెలియలేదు. ఏటికేడు కొంచెం కొంచెం ఉప్పు తాగి నా నాలుక చెడిపోయింది. మీ అందరివీ చెడిపోయాయి. తూము ఎత్తకండి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"పాటు తీశాక, తెల్లవారుజామున చూద్దామండీ" అన్నాడు లస్కరు నెమ్మదిగా. "అప్పుడు సముద్రం వెనక్కి లాక్కుంటుంది. కానీ మధ్యాహ్నం దాకానే నీళ్ళొస్తాయి. సగం చెరువే నిండుద్ది."

"సగమైనా తాగే నీళ్ళే కదండీ" అంది వెనకనుంచి బిందెతో వచ్చిన ఒకావిడ. ప్రెసిడెంటుగారు చేతిగుడ్డతో మొహం తుడుచుకుని, సరేనన్నారు.

మర్నాడు తెలతెలవారుతుండగా అదే గట్టు. నేను గ్లాసు కోసం చెయ్యి చాపాను. పిన్ని ఇవ్వలేదు. "నువ్వు ఏటా వస్తావా ఏంటి?" అని, వెనక నిలబడ్డ పద్మని ముందుకు లాగింది. "ఇది మెట్ట నీళ్ళు తాగి పెరిగిన పిల్ల. ఇంకా మన ఉప్పు ఎక్కలేదు. ఇకనుంచి ఆ యేడు కొత్తగా కాపురానికొచ్చిన కోడలు చూస్తుంది. ఎవరింటి కోడలైనా సరే."

పద్మ అత్తగారిని చూసింది, నీళ్ళు నోట్లో పోసుకుంది, చాలాసేపు ఆలోచించింది. "ఇంకాసేపు ఆగాలండీ" అంది. ఊరంతా ఆ నెల తిరగని కోడలి మాటకి గంటసేపు గట్టు మీద కూర్చుంది. రెండోసారి చూసి ఆ పిల్ల తలూపింది. లస్కరు చక్రం తిప్పాడు. నీళ్ళు చెరువులోకి దూకుతుంటే పిన్ని అటు చూడకుండా ఖాళీ గ్లాసు కొంగుతో తుడుస్తూ నిలబడింది. మధ్యాహ్నం కాలువ ఆగేసరికి చెరువు సగానికి ఒక జానెడు తక్కువే నిండింది.

రెండున్నర బస్సుకి పిన్ని రోడ్డు దాకా వచ్చింది. ఖాళీ సీసా కడిగి నా చేతికిచ్చింది.

"పరువు పోయిందనుకుంటున్నావా పిన్నీ?" అన్నాను ఉండబట్టలేక.

"పోయింది" అంది. "పోతే పోయిందిలే. పద్మకి కూడా రెండేళ్ళలో అలవాటైపోద్ది. అసలు రుచి ఏంటో ఊళ్ళో ఎవరో ఒకరికి గుర్తుండాలి కదా. ఏటా ఒక సీసా తెస్తూ ఉండు."

పాసింజరు గంట ఆలస్యంగా బయలుదేరింది. వంతెన మీదికి వచ్చేసరికి చీకటి పడింది. అందరూ చిల్లర విసిరారు. నా చెయ్యి మాత్రం ఖాళీ సీసా మీదే ఉండిపోయింది. ఇంటికి చేరి, రోజూ తాగే నీళ్ళే ఒక గ్లాసు ముంచుకుని మెల్లగా తాగాను. చిన్నప్పుడు పిన్ని కుండలో ఉండే రుచి అదే. అది నా ఇంట్లోనే ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు. సోమవారం బడికి వెళ్ళేటప్పుడు సంచిలో రెండు నీలం సుద్దలు వేసుకున్నాను.