చేపల ఖబీరు నర్సింలు

నర్సింలుకు ఎత్తంటే భయం. ఈ సంగతి వీసా ఇప్పించిన ఏజెంటు అడగలేదు, నర్సింలు చెప్పలేదు. మెట్‌పల్లి దగ్గరి ఊళ్లో వాళ్లది బట్టలు కుట్టే ఇల్లు. రెడీమేడ్ షాపులు వచ్చి కుట్టుమిషను మూలపడ్డాక, "తోటల పని, నీళ్లు పెట్టుడే" అన్న ఏజెంటు మాట నమ్మి సౌదీలోని బురైదా చేరాడు. వచ్చాక తెలిసింది, అది ఖర్జూరపు తోట అని, నీళ్లు వాటంతట అవే డ్రిప్పు పైపుల్లో పోతాయని, మనుషులు చేయవలసిన పనంతా చెట్ల నెత్తిన ఉంటుందని.

తెలంగాణవాడు వచ్చాడంటే చెట్టెక్కడం పుట్టుకతోనే వచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు. నర్సింలుకు ఊళ్లో ఈత చెట్టుతో పరిచయం లేకపోలేదు కాని, అది చెట్టు కింద కూర్చున్నవాడి పరిచయం.

చలి తగ్గగానే పని మొదలైంది. మగ చెట్ల పుప్పొడి తెచ్చి ఆడ చెట్ల పూగెలలకు అద్దాలి. జగిత్యాల నుంచి వచ్చిన ప్రభాకర్ నడుముకు మోకు బిగించుకుని ఉడుతలా ఎక్కిపోయాడు. నర్సింలు సగం దాకా ఎక్కి, కిందికి ఒకసారి చూసి, మానును వాటేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఎక్కమంటే ఎక్కడు, దిగమంటే దిగడు. మాను పొట్టు మొహానికి గుచ్చుకుంటున్నా పట్టు సడలించలేదు. చివరికి మట్టి ఎత్తే షవల్ బండి తెచ్చి, దాని తొట్టిలోకి లాగి, ఇసుక దింపినట్టు దింపారు.

ఆ సాయంత్రమే పిలుపు వచ్చింది. తోట యజమాని, నర్సింలు వీసాకు పూచీపడ్డ కఫీల్ కూడా అయిన అబూ తుర్కీ, బిర్కా ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బిర్కా అంటే లోతు బోర్ల నుంచి సలసలా వచ్చే నీళ్లు చల్లారడానికి కట్టిన పెద్ద సిమెంటు మడుగు. నాచు తినడానికి ఎప్పుడో ఒక మేనేజరు అందులో బుల్తీ చేపలు వదిలాడు. మన ఊళ్లలో జిలేబి చేపలంటామే, అవే. అబూ తుర్కీ పక్కన ఆయన పినతండ్రి కొడుకు అబూ నాయిఫ్ మెరిసే గాలం కర్ర ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. మాటలు అటూ ఇటూ చేరవేయడానికి డ్రైవర్ బాషా ఉన్నాడు. కడప మనిషి, అరబీ బాగా వచ్చు, సొంత కల్పన ఇంకా బాగా వచ్చు.

"చెట్టెక్కేది రాకపోతే ఇంగ యా పని వచ్చునని అడుగుతాండాడుప్పా," అన్నాడు బాషా.

బట్టలు కుట్టడమని చెబితే తిరుగు విమానమేనని నర్సింలుకు అర్థమైంది. ఖర్జూరపు తోటలో కుట్టడానికేముంది? ఎదురుగా నీళ్లలో ఏదో తళుక్కుమంది. నోట్లోంచి దానంతట అదే మాట ఊడిపడింది.

"సమక్. అనా సమక్."

సమక్ అంటే చేప. అనా అంటే నేను. తాను చేపనని కఫీల్ ఎదుట ప్రకటించుకున్నాడన్నమాట. అబూ తుర్కీ గడ్డం ఊగేలా నవ్వాడు. బాషా మాత్రం నవ్వకుండా అరబీలో చాలాసేపు మాట్లాడాడు. నవ్వు ఆగింది. అబూ నాయిఫ్ వచ్చి నర్సింలు చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఏం చెప్పినవన్నా?" అన్నాడు నర్సింలు, వాళ్లు వెళ్లాక.

"నువ్వు చెప్పిందే చెప్పినా. మీది ఏడు తరాల నుంచి చేపలు పట్టే వంశమని, మీ తాత గాలమేస్తే చెరువే గట్టుకొచ్చేదని, రోంత నూనె పోసినా."

"నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క చేపను పట్టలేదన్నా."

"ఆయప్పలూ పట్టలేదులే. ఏం భయంలే."

ఇది పూర్తిగా నిజం కాదు. అబూ నాయిఫ్ పట్టాడు. కుర్రతనంలో అమెరికా దక్షిణాన ఎక్కడో చదువుకున్నాడు. అక్కడి వెచ్చని సరస్సుల్లో సన్‌ఫిష్ అనే చేపలను ప్రతి సెలవు రోజూ పట్టేవాడు. తరవాత బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అంత చదువులో ఆయనకు చివరిదాకా మిగిలింది ఈ గాలం ఒక్కటే. సన్‌ఫిష్ అంటే ఏమిటని నర్సింలు అడిగితే, సన్ అంటే ఎండ, ఫిష్ అంటే చేప అని బాషా విడదీసి చెప్పాడు.

"అయితే ఎండు చేపలే గద," అన్నాడు నర్సింలు. "గంత దూరం పోయి గాలమేసుడెందుకు, అంగట్ల దొరుకుతయి."

అలా నర్సింలు బిర్కాకు ఖబీరయ్యాడు. ఖబీరంటే నిపుణుడు. శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అతిథులు వచ్చేవారు. వాళ్లకు గొడుగులు పాతి, కుర్చీలు వేసి, అరబ్బు కాఫీ ఖహ్వా అందించి, చేప పడితే వలబుట్ట పట్టాలి. అబూ నాయిఫ్ ఒంటినిండా జేబులున్న చొక్కా వేసుకుని, పెట్టె తెరిచి, రంగురంగుల ప్లాస్టిక్ వానపాములను పెళ్లినగల్లా పరిచేవాడు. ఈ బుల్తీ కూడా తన సరస్సుల చేపలాంటిదేనని, గోరువెచ్చని నీళ్లలో గుండ్రటి గుంట తవ్వుకుని పిల్లలను కాపలా కాస్తుందని ప్రతివారం కొత్తగా చెప్పేవాడు. చేప పడితే దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటో దిగి, మెల్లగా నీళ్లలో వదిలేసేవాడు. అది ఆట నియమమట.

నర్సింలు ఈ నియమాన్ని వీడియో కాల్‌లో భార్య స్వర్ణకు చెప్పాడు.

"పట్టి, ఫోటో దిగి, మళ్ల నీళ్లల్ల ఇడుస్తరా?" అందామె. "గదేం యేటనయ్యా, పెండ్లిచూపుల లెక్కున్నది."

ఒక శుక్రవారం ఒక్క చేపా పడలేదు. అబూ నాయిఫ్ గాలం పక్కన పెట్టి, ఖబీరు వైపు తిరిగి, ఎందుకని అడిగాడు. అందరూ తిరిగారు. నర్సింలు ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"హవా మాఫీ జైన్," అన్నాడు. గాలి బాగాలేదని.

అబూ నాయిఫ్ కాసేపు ఆలోచించి, తొడమీద చరుచుకున్నాడు. వాతావరణ పీడనం, అన్నాడు. పీడనం మారితే చేప పొట్టలోని గాలితిత్తి బిగుసుకుంటుందని, తాను అమెరికాలో పుస్తకంలో చదివిన సంగతి ఈ పల్లెటూరివాడు గాలి వాసనతో పట్టాడని అందరికీ వివరించాడు. అతిథులు నర్సింలును కొత్తగా చూశారు. నర్సింలు కూడా తనను తాను కొంచెం కొత్తగా చూసుకున్నాడు.

ఆ తరవాత అతనికి అడ్డులేకుండా పోయింది. చంద్రుడు సన్నబడ్డాడన్నాడు, అబూ నాయిఫ్ దానికి సముద్రపు పోటు లెక్క చెప్పాడు. బిర్కాకు సముద్రానికి ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. ఎర్ర కుర్చీ వద్దన్నాడు, చేప కంటి నిర్మాణం గురించి ఉపన్యాసం వచ్చింది. ఇంకోసారి చేతులకున్న ఊద్ అత్తరు వాసనకు చేపలు బెదురుతున్నాయన్నాడు. మరుసటి శుక్రవారం బురైదాలో పేరున్న పెద్దమనుషులు ఏ సుగంధమూ లేకుండా ఉట్టి చేతులతో వచ్చి వరసగా కూర్చున్నారు. ఖబీరు తప్పు చెప్పే వీలే లేకుండా పోయింది. ఏం చెప్పినా దానికి వెనకనుంచి శాస్త్రం పరుగెత్తుకుంటూ వచ్చేది.

చెట్లమీది నుంచి ప్రభాకర్ ఇదంతా చూస్తుండేవాడు. "మేము ముండ్లల్ల సావబడితిమి," అనేవాడు దిగి వచ్చాక, "నువ్వు నీళ్లను సూసుడు కూడా నౌకరేనా?"

"సూసెటోనికి తెలుస్తది బరువు," అనేవాడు నర్సింలు గంభీరంగా. అప్పటికి కొంత నమ్ముతున్నాడు కూడా.

అంతలో జెద్దా నుంచి ఒక వర్తకుడు అబూ తుర్కీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాడు. సొంత పడవలో ఎర్ర సముద్రం మీద వేటాడేవాడు. బిర్కాను చూసి, మా దగ్గర ఇంత నీళ్లతో కాళ్లు కడుక్కుంటామన్నాడు. అబూ తుర్కీ మొహం మాడింది. మరునాడే పోటీ అని ప్రకటించాడు. ఆ రాత్రి భోజనానికి గొర్రెలు కోయించి, మాంసం కలిపి వండే అన్నం, కబ్సా, పెద్ద పెద్ద పళ్లేల్లో పెట్టించాడు.

పొద్దున్నే నర్సింలు బిర్కా దగ్గర నిలబడి భయపడ్డాడు. పెద్దవాళ్ల పరువు తన చేపల మీద ఉంది. చేపలు ఒడ్డుకు రావాలి, కనబడాలి. అలిగిన చుట్టాన్ని మంచి చేసుకోవడానికి ఏం చేస్తాం, అన్నం పెడతాం. మిగిలిపోయిన కబ్సా పళ్లెం మోసుకొచ్చి, మాంసం తునకలతో సహా మొత్తం నీళ్లలో కుమ్మరించాడు. చేపలు ఎగబడి తిన్నాయి. ఇంకో పళ్లెం తెచ్చాడు. అదీ తిన్నాయి. నర్సింలు కడుపు నిండినంత సంతోషపడ్డాడు.

సాయంత్రం పోటీ మొదలైంది. చేపలు బెదరకుండా ఎవరూ మాట్లాడకూడదని ఖబీరు పాత ఆజ్ఞ ఉంది కాబట్టి, ఆస్తిపరులంతా బడిపిల్లల్లా నోరు మూసుకుని కూర్చున్నారు. బెండ్లు నీళ్లమీద కదలకుండా తేలాయి. చేపలు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. వానపాము దాకా వచ్చి, వాసన చూసి, పెళ్లిభోజనం తరవాత ఇంకో లడ్డూ వద్దన్నట్టు పక్కకు తిరిగిపోయాయి. జెద్దా వర్తకుడు ఆవలించాడు. కొంతసేపటికి బాహాటంగానే నవ్వాడు.

"ఎందుకు?" అన్నాడు అబూ తుర్కీ. ఒక్క మాటే అన్నాడు. గాలి, చంద్రుడు, అత్తరు అన్నీ అయిపోయాయి. కొత్తది ఏదీ తట్టలేదు. మిగిలింది నిజం ఒక్కటే.

"తిన్నయి బాబా," అన్నాడు తెలుగులోనే. "పొద్దున మీ ఇంటి కబ్సా అంత నేనే పోసిన. కడుపులు నిండినయి. ఇగ గాలమెందుకు ముట్టుకుంటయి?"

బాషా అతని మొహం కేసి చూశాడు. కఫీల్ మొహం కేసి చూశాడు. తరవాత గొంతు సవరించుకుని, నిదానంగా తర్జుమా చేశాడు.

జెద్దా వర్తకుడి నవ్వు ఆగిపోయింది. అబూ తుర్కీ లేచి నిలబడ్డాడు. నర్సింలు కళ్లు మూసుకున్నాడు. భుజాలమీద రెండు చేతులు పడ్డాయి, తరవాత కఫీల్ అతన్ని దగ్గరికి లాక్కుని నుదుటిమీద ముద్దు పెట్టాడు.

"ఏమన్నవన్నా?" అన్నాడు నర్సింలు.

"అబూ తుర్కీ ఇంట్లో మనిషే కాదు, నీళ్లలో చేప కూడా ఆకలితో ఉండదు, ఆకలి లేనోడు ఎర ఎందుకు మింగుతాడు అని చెప్పినావంట," అన్నాడు బాషా. "బాగా చెప్పినావుప్పా."

ఆ మాట బురైదా అంతా పాకింది. ఆతిథ్యం గొప్పా, గాలం గొప్పా అంటే అరబ్బు ఇంట్లో జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఆ రోజు నుంచి బిర్కా చేపలు తన అతిథులని, వాటిమీద గాలం వేయడం అమర్యాదని అబూ తుర్కీ తీర్మానించాడు. గాలం కర్రలు గోదాములోకి పోయాయి. ఖబీరుకు మిగిలిన పని, పూటపూటా చేపలకు విందు పెట్టడం.

అతిథులు తిన్నారు, పెరిగారు, పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని కన్నారు. ఎండలు ముదిరేసరికి బిర్కాలో నీళ్లకంటే చేపలు ఎక్కువున్నట్టు కనిపించింది. గోరంత పిల్లలు పైపు మూతికి చేరి ఫిల్టరు జాలీలో ఇరుక్కున్నాయి. తోటలో ఒక కొస డ్రిప్పు ఆగిపోయింది, గెలలు వడలడం మొదలైంది. ఇవి ఎవరి అతిథులని ఎవరూ అడగలేదు. నర్సింలు రోజూ తెల్లారగానే నడుములోతు నీళ్లలో దిగి, జాలీ ఊడదీసి, జిగట కడిగి మళ్లీ బిగించాలని మాత్రం హుకుం వచ్చింది. చేతులు పాసిపోయాయి. ఒళ్లంతా నీచు వాసన. చెట్టుమీద ప్రభాకర్ గాలికి హాయిగా ఉన్నట్టు ఇప్పుడు కనిపించేవాడు.

అలాంటి పూట ఒకటి అబూ నాయిఫ్ వచ్చాడు. తాయిఫ్ కొండల్లో కొత్తగా తోట కొన్నాడట, అక్కడ పెద్ద మడుగు తవ్విస్తున్నాడట, ఖబీరును తనతో తీసుకుపోతాడట. ఒడ్డున నిలబడి, బాషా ద్వారా ఒకే ప్రశ్న అడిగాడు. అక్కడ చలి ఎక్కువ, ఈ చేపలు బతుకుతాయా?

జాలీ నుంచి చిన్న చేపల ముద్దను గోకుతున్న నర్సింలు తల కూడా ఎత్తలేదు. అలసటతో అబద్ధం కూడా రాలేదు.

"నాకేం తెలుసన్నా. నాకు తెల్వదని చెప్పు."

బాషా, జీవితంలో మొదటిసారి కావచ్చు, ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలియదనే మాటకు అబూ నాయిఫ్ చదివిన పుస్తకాల్లో ఏ శాస్త్రమూ దొరకలేదు. నిరాశగా తల ఊపి, అదే ప్రశ్న బాషాను అడిగాడు. బాషా ఆకాశం కేసి చూసి, గాలి పీల్చి, ఏదో అన్నాడు. అబూ నాయిఫ్ తొడమీద చరుచుకున్నాడు.

వారం తిరగకుండా బాషా తాయిఫ్ వెళ్లిపోయాడు, ఖబీరుగా. ముందు సీట్లో కూర్చుని వెళ్లాడు, బండి వేరేవాడు నడిపాడు.

నర్సింలు నీళ్లలోనే ఉన్నాడు. ఒక పొద్దున జాలీ ఎత్తబోతే, అరచేయంత జిలేబి చేప ఒకటి దానికీ గోడకీ మధ్య చిక్కి కొట్టుకుంటోంది. రెండు చేతులా పట్టుకున్నాడు. జారింది, మళ్లీ పట్టుకున్నాడు. ఎంత బలం దానికి. వీపు ముల్లు బొటనవేలిలో దిగినా వదలలేదు. ఫోటో తీసేవాళ్లెవరూ లేరు. దాన్ని లుంగీలో చుట్టుకుని ప్రభాకర్ గదికి పోయాడు.

"పొలుసు తీసుడు నాకు రాదే," అన్నాడు.

ప్రభాకర్ అతన్ని, చేపను మార్చి మార్చి చూశాడు. కత్తి తీసుకుని, చింతపండు నానబెట్టుమన్నాడు.