నా పేరుతో వచ్చిన అప్పలనర్సమ్మ వంట

1997 ఆగస్టులో, క్యాంటీన్ సూపర్‌వైజర్ పనికి తోడు, నాకు ఇంకో బాధ్యత అప్పగించారు. ప్రతి శనివారం మధ్యాహ్నం కూర్మన్నపాలెంలోని మా ఉద్యోగుల కాలనీకి వెళ్ళి, అక్కడి కమ్యూనిటీ హాల్లో గృహిణులకు రాత్రి భోజనం తయారీ చూపించాలి. సులువుగా ఉండాలి, సమతులంగా ఉండాలి. మొత్తం పన్నెండు తరగతులు. నేను పనిచేసింది గాజువాక దాటాక ఉన్న ఒక ప్రైవేటు కర్మాగారంలో. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. జరిగిన తప్పు దానిది కాదు, నాది.

ఈ ఆలోచన మా కర్మాగారం డాక్టరు గారిది. ఏటా జరిగే వైద్య పరీక్షల్లో చాలామందికి రక్తం తక్కువగానో షుగరు ఎక్కువగానో తేలుతోంది. మధ్యాహ్నం క్యాంటీన్లో తినే తిండికి ఒక కొలత ఉంది, రాత్రి ఇంట్లో తినేదానికే లేదు అని ఆయన వెల్ఫేర్ ఆఫీసరుకు రాశారు. పళ్ళెం నిండా అన్నం, మీద చారు, పక్కన ఊరగాయ. ఆయన రాసింది అబద్ధమేమీ కాదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా ఇంట్లోనూ అంతే.

క్యాంటీన్లో పైన వెల్ఫేర్ ఆఫీసరు, ఆయన కింద మేనేజరు, ఆ కింద షిఫ్టుకొక సూపర్‌వైజరు. తర్వాత కుక్కులు. అందరికన్నా కింద, కాంట్రాక్టు మీద కూరలు తరిగేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు. ఆ కూరలు తరిగేవాళ్ళలో అప్పలనర్సమ్మ ఒకరు. అనకాపల్లి దగ్గర పల్లెటూరి మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త గాజువాక రూట్లో షేర్ ఆటో నడిపేవాడు, ఇద్దరు ఆడపిల్లలు. తరగతుల్లో నాకు సాయానికి ఆమెను పంపారు.

పన్నెండు తరగతులూ అయ్యాక కాలనీ మహిళా కేంద్రంలో వంట నేర్పడానికి ఒకరిని పర్మనెంటుగా తీసుకుంటామని వెల్ఫేర్ ఆఫీసరు ముందే చెప్పారు. చదువు అడ్డం కాదు, నీ రిపోర్టే ఆధారం అన్నారు. అప్పలనర్సమ్మ కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది. ఆ ఉద్యోగం ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు. ఆమే ఒకసారి అడిగింది: "బాబూ, ఆ పనికి మాలాటోళ్ళని కూడా సూత్తారా?" చూస్తారనే చెప్పాను.

మొదటి తరగతికి నేను చాలా తయారై వెళ్ళాను. క్యాంటీన్లో ప్రతి వంటకానికీ ఒక కార్డు ఉంటుంది. స్టాండర్డ్ రెసిపీ అంటాం. వందమందికి పప్పు ఎంత, నీళ్ళెన్ని, నూనె ఎంత అని అందులో ఉంటుంది. ఇంట్లో నలుగురు కాబట్టి అన్నిటినీ ఇరవై అయిదుతో భాగించి, గ్రాములతో సహా నల్లబల్ల మీద రాశాను. డిప్లొమా చేసినవాడిని, లెక్కలో తప్పులేదు. తప్పు ఎక్కడుందంటే, పెద్ద డేగిసాలో నీళ్ళు ఆవిరయ్యే తీరు వేరు, ఇంటి గిన్నెలో వేరు. వందమంది కార్డులో నీళ్ళు మనిషికి తక్కువే పడతాయి. అదే నీళ్ళను ఇరవై అయిదుతో భాగించి చిన్న గిన్నెలో పోస్తే, పప్పు ఉడికేలోపే ఇంకిపోతాయి. పోపుకు వచ్చిన నూనె మూకుడు అడుగంతా తడపడానికే చాలలేదు. ఆవాలు నల్లబడ్డాయి. పదేళ్ళు క్యాంటీన్లో పనిచేసినవాడు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది.

ముందు వరసలో ఒకామె లేచి, "సారూ, పప్పు మాడిపోతంది, మీరు కాయితం సూత్తన్నారు," అంది. హాలంతా నవ్వులు. వెనక నుంచి ఇంకొకామె, "ఒగ్గీవే, మాడుపప్పు ఒంటికి మంచిదని డాక్టరుబాబు రాసుంటాడు," అంది. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను.

అప్పలనర్సమ్మ నవ్వలేదు. గిన్నె దించి, నాకు మాత్రమే వినపడేలా, "మీరలా కూకోండి బాబూ, నాను సూసుకుంటాను," అంది. ఒక స్టీలు గ్లాసు తీసుకుని కొలత అంతా దానితోనే చేసింది. కుక్కర్లో అడుగు గిన్నెలో రెండు గ్లాసుల బియ్యం, దాని మీది గిన్నెలో ముప్పావు గ్లాసు కందిపప్పు, కట్ట తోటకూర, రెండు టమాటాలు. కుక్కరు కూతలు వేస్తుండగా పక్క పొయ్యి మీద బీరకాయ, ఎండురొయ్యలు. పోపు ఒక్కసారే పెట్టింది, సగం పప్పులో, సగం కూరలో. ముప్పావు గంటలో నలుగురి భోజనం సిద్ధం.

అసలు సంగతి ఆ తర్వాత వడ్డించేటప్పుడు వచ్చింది. అందరూ పళ్ళెంలో ముందు అన్నం పెడతారు. ఆమె ముందు కూర పెట్టింది, దాని పక్కన పప్పు, ఒక గిన్నెలో పెరుగు. ఆఖరున, మిగిలిన జాగాలో అన్నం పెట్టి, "సోటెంతుంటే అన్నం అంత. అంతే," అంది. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరో అడిగారు. "ఎక్కడేటి? మా ఇంట్లో బియ్యం ఎప్పుడూ నిండుగా నేవు. ఆకుకూరా ఉలవలూ ముందెట్టేసి, బియ్యం ఉన్నకాడికి సద్దుకునీవోళ్ళం," అంది.

డాక్టరు గారు మూడు పేజీల్లో చెప్పిన మాట ఆ పళ్ళెంలో కనిపించింది. మిగతా పదకొండు తరగతులూ ఆ పద్ధతిలోనే నడిచాయి. చోడిపిండి, అంటే రాగిపిండి, సంకటితో సొరకాయ పప్పు, ఉలవచారుతో కోడిగుడ్డు కూర, కవల చేపల పులుసుతో గోంగూర. వండింది ఆమె, బల్ల మీద రాసింది నేను. తొలి తరగతికి ఇరవైమంది వచ్చారు. చివరి తరగతికి కుర్చీలు చాలలేదు.

జనవరిలో రిపోర్టు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఫారంలో 'పద్ధతి రూపొందించినవారు' అని ఒక గడి ఉంది. అందులో నా పేరు రాశాను. సహాయకుల గడిలో, 'కూరగాయలు తరిగే కాంట్రాక్టు కార్మికురాలు. సూచనల మేరకు పనిచేస్తుంది' అని రాశాను. ఆ ఏడాది ప్రమోషను జాబితాలో నేనున్నాను. మాడిన పప్పు సంగతి పైవాళ్ళ దాకా వెళ్ళిందేమోనన్న భయం ఉంది. ఇవి కారణాలు. సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. వెల్ఫేర్ ఆఫీసరు నోటిమాటగా కూడా అడిగారు, ఆమె సొంతంగా తరగతి నడపగలదా అని. ఎవరో ఒకరు చెబుతుండాలి సార్ అన్నాను. ఆ ఒక్క మాటతో ఆమె పేరు కొట్టేశారు. ఉద్యోగం హోంసైన్సు చదివిన ఒకమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, బాగానే నేర్పింది.

ఫిబ్రవరిలో 'సులువైన రాత్రి భోజనం' అని ఇరవై పేజీల పుస్తకం అచ్చువేసి ఇంటింటికీ పంచారు. అట్ట మీద నా పేరుంది. రెండు రోజుల తర్వాత అప్పలనర్సమ్మ ఆ పుస్తకం పట్టుకుని స్టోరు గది దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఇందులో నా పేరు ఏ పేజీలో ఉందో సూపించండి. మా పెద్దపిల్ల మొత్తం సదివింది, దొరకనేదంట."

వంటలకు ఎవరి పేరూ ఉండదమ్మా అన్నాను.

"మీ పేరుంది కదా మరి," అంది.

నేను సరుకుల రిజిస్టరు తెరిచాను. ఆమె వెళ్ళి కూరల బుట్ట ముందు కూర్చుంది. మార్చిలో ఆమె కాంట్రాక్టు ముగిసింది, మళ్ళీ ఇవ్వలేదు. మే నెలలో నేను అసిస్టెంట్ మేనేజరునయ్యాను.

2005లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టినప్పుడు, ఇంకా సర్వీసు ఉన్నా బయటికి వచ్చేశాను. మరుసటి ఏడాది జరిగిందంతా ఒక ఉత్తరంగా రాసి, సంతకం పెట్టి, పాత ఆఫీసుకు పంపాను. ఒక నకలు పట్టుకుని అప్పలనర్సమ్మను వెతికాను. గోపాలపట్నం మార్కెట్ దగ్గర ఎవరిదో కర్రీ పాయింటులో వంట చేస్తోంది. సాయంత్రం బేరాల వేళ. చిన్నకూతురు కవర్లలో కూరలు కట్టి ఇస్తోంది. ఆ పిల్ల ఉత్తరం చదివి వినిపించింది.

అప్పలనర్సమ్మ గరిటె ఆపకుండానే విన్నది. "రాసినారు, బాగుంది. ఇప్పుడు దీన్నేటి సేసుకోమంటారు బాబూ? ఆ రోజు రాసుంటే పర్మనెంటు అయిపోదును."

క్షమించమని అడగడానికే వెళ్ళాను. కానీ బేరగాళ్ళు వస్తూనే ఉన్నారు, పక్కకు జరిగి వాళ్ళకు దారిచ్చాను. ఆమే మళ్ళీ అంది: "ఇంకోటి. ఆ పొస్తకంలో బీరకాయకి గ్లాసుడు నీళ్ళు పొయ్యమని రాసేసినారు. నానెప్పుడు సెప్పినాను? బీరకాయకి నీళ్ళేటి? అదైనా దిద్దించండి. ఎంతమంది పాడుసేసుకున్నారో."

కాబట్టి నా వృత్తి గురించి ఎవరైనా అడిగితే ఇది చెబుతాను. బీరకాయకు నీళ్ళు పోయనక్కర్లేదు, ఉప్పు పడగానే దాని నీళ్ళు అదే వదులుతుంది. కూర ముందు పెట్టి అన్నం ఆఖరున పెట్టే పద్ధతి అప్పలనర్సమ్మది. కుక్కరు వరసా ఆమెదే, గ్లాసు కొలతా ఆమెదే. ఆ పుస్తకంలో నా సొంతమైనది ఆ గ్లాసుడు నీళ్ళే. పాత ఆఫీసు నుంచి నా ఉత్తరానికి జవాబు రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు. రిపోర్టులో ప్రతి గడికీ ఒక గడువు ఉంటుంది. ఆ గడువులోపల నిజం రాస్తే అది ఒక మనిషికి ఉద్యోగం అవుతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత రాస్తే, రాసినవాడికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు.