తట్టమని చెప్పింది నేనే

మొన్న ఆదివారం కూడిక మొదలెట్టబోతుంటే ఫోను వచ్చింది. నరసరావుపేట బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే మామ పోయాడని. పొద్దున నమాజు చదువుకుని కుర్చీలో కూర్చున్నాడంట, మళ్లీ లేవలేదంట. ఆ రోజు నేను వాక్యం చెప్పలేదు. రెండు పాటలు పాడించి, ప్రార్థన చేసి అందరినీ పంపించేశాను. మైకు పగిలేట్టు అరిచేవాడివి, నీ గొంతుకేమైందని అడిగారు. ఆ గొంతు చేసిన పని గురించే ఇప్పుడు మీకు చెప్పుకోవాలి.

మామంటే చుట్టం కాదు. ఆయన ముస్లిం. నేను ఏ బైబిలు కాలేజీ మెట్లూ ఎక్కకుండా, బైబిలు చంకన పెట్టుకుని ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాణ్ణి. బతుకుతెరువు వెల్డింగు. ఆయన షాపూ నా షాపూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏ సెట్టు బాగుచేసినా, మూత బిగించే ముందు చిన్న కాగితం మీద ఏం పాడైందో, తనేం మార్చాడో రాసి లోపల అంటించేవాడు.

"ఇదేంది మామా, రేడియోకి జాబు రాస్తున్నావు?" అన్నాను ఒకసారి.

"రేపు ఇంకో మెకానిక్కు విప్పుతాడు గదా. లోపలేం జరిగిందో వాడికి తెలియొద్దా?"

"నీ బేరం వాడికి పోద్ది."

"పోతే పోనీ. సెట్టు పాడితే చాలు."

రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయాక, ఆయన జుట్టు నెరిసిన వయసులో ఫోనులో చూసి యాపుల ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. అదీ వాళ్ల అక్క కోసం. గురజాలలో ఉంటుంది, నాకు పెద్దమ్మ వరస. రెండు కళ్లూ లేవు. సర్కారు రేడియోలో సాయంత్రం ఏడింటి వార్తలు, రైతుల కార్యక్రమం, పాత పాటలు, ఆమెకి లోకమంటే అదే. సెట్టులో స్టేషను సరిగ్గా అందడం మానేశాక ఫోనే గతయింది. రేడియో వాళ్ల సొంత యాపు అంతా బొమ్మలు, ఓటీపీలు. ఆమె వల్ల కాలేదు. మామ రాసిన దాంట్లో ఫోను అద్దం మీద ఎక్కడ చెయ్యి పెట్టినా చాలు, స్టేషను పేరు చెప్పి అదే మోగేది.

దాన్ని ఇంటర్నెట్టులో ఊరికే పెట్టేశాడు, లోపల రాసిందంతా ఎవరైనా చూసేట్టు, దిద్దేట్టు. సెట్టులో కాగితం అంటించినట్టే, ఏ ముక్క ఎందుకు రాశాడో పక్కనే తెలుగులో రాశాడు. చూపులేనివాళ్లు చానామంది వాడుకున్నారు. "చూడు అల్లుడూ, ఎవరో అస్సామంట, నా తప్పు దిద్ది పంపాడు!" అని గోడ అవతల నుంచి కేకేసేవాడు. తప్పు దొరికితే అంత సంబరపడిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

అప్పుడు రేడియో ఆఫీసు వాళ్లు, ఇకమీదట స్టేషన్ల లైన్లు బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములకు అందవు, కావాలంటే అనుమతి తీసుకోవాలి అన్నారు. ఫారంలో కంపెనీ రిజిస్ట్రేషను అడిగారు. మామ ఆ గడిలో 'కంపెనీ లేదు, రేడియో మెకానిక్కుని' అని రాశాడు. పరిశీలిస్తాం, అప్పటిదాకా వాడుకోండి అని జవాబొచ్చింది.

నేను మండిపడ్డాను. "జనం సొమ్ముతో నడిచే రేడియోకి జనం అర్జీ పెట్టుకోవాలా? ఆ లైన్లు తెరిచే తాళం వాళ్ల యాపులోనే ఉంటది గదా, దాన్ని లాగేయడం నీకు రాదా?"

"వచ్చు. అరవమాక."

"మరి?"

"తాళం తీయటం వచ్చినంత మాత్రాన ఇల్లు నాదవుద్దా? దొంగతనంగా తీస్తే నా ఒక్కడికే. అడిగి తీయించుకుంటే నా ఎనక వచ్చేవాళ్లందరికీ."

ఆ తర్వాత ఒక ఆదివారం సరిగ్గా కూడిక వేళకి మామ ప్రోగ్రాము మూగబోయింది. మా సంఘంవాళ్ల ఫోన్లన్నిట్లో దాన్ని నేనే పెట్టించి ఉన్నాను. తలుపు మూసేశారనుకున్నాను నేను. ఆగు, కనుక్కుంటానని మామ ఫోనులో అంటూనే ఉన్నాడు. నేనాగితేగా! లేఖనాల్లో ఒక విధవరాలి సంగతి ఉంది. దేవుడికి భయపడని న్యాయాధిపతి దగ్గరికి మళ్లీ మళ్లీ పోయి, ఆయన్ని విసిగించి న్యాయం రాబట్టుకుంది. దాన్నే ఎత్తుకున్నాను. "ఫోన్లు తీయండి! నొక్కండి! తెరిచేదాకా తట్టండి!" అని అరిచాను. నూజెండ్ల కూడికకూ, గురజాల కూడికకూ ఫోను చేసి వాళ్లచేత కూడా నొక్కించాను. ఆ గంటసేపు ఆత్మ నన్ను నడిపిస్తుందనే అనుకున్నాను.

నిజానికి ఆ పొద్దున రేడియో వాళ్లు మరమ్మతుకని ఒక గంట ఆపారు, అంతే. మేము నొక్కిన ప్రతి నొక్కుకూ ప్రోగ్రాము అన్ని స్టేషన్ల తలుపులూ కొట్టింది. వాళ్ల మిషను దాన్ని దాడి అనుకుంది. మర్నాడు మామకి జాబొచ్చింది, అనుమతి నిలిపేశాం, ఇక స్టేషన్లు అందవని.

"మామా, కోపంగా ఉందా?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ఉంది," అన్నాడు. మళ్లీ తనే, "నువ్వు చెప్పిన ఆ విధవరాలు తట్టింది మనిషి తలుపు అల్లుడూ. ఇది మిషను. దానికి ఏడుపు తెలవదు, లెక్కే తెలుసు," అన్నాడు.

నా ముందే క్షమాపణ రాశాడు. తప్పు నా ప్రోగ్రాముదే, జవాబు రాకపోతే కాసేపు ఆగి అడిగేట్టు దిద్దాను అని. భుజం మీదుగా చదివాను. నా పేరు రాయి మామా అనాల్సింది. అనలేదు. సంఘంలో తలెత్తుకోలేనని భయం. పదిమంది ముందు పాపాలు ఒప్పుకోండని అరిచే నోరు, ఆ చిన్న షాపులో పెగల్లేదు.

ప్రతి సోమవారం ఆఫీసుకి జాబు రాస్తూనే ఉన్నాడు. రెండు వానాకాలాలు పోయాయి, అనుమతి రాలేదు. అది రాకుండానే ఆయన పోయాడు.

మట్టి ఇచ్చి వచ్చాక ఆఫీసుకి నేను రాశాను, తప్పు ఆయనది కాదు, నాదని. దరఖాస్తుదారు స్వయంగా రాయాలని జవాబొచ్చింది. ఆయన లేడని మళ్లీ రాశాను. దానికి జవాబు లేదు.

నిన్న మాచర్ల బస్సెక్కి గురజాలలో దిగాను. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, నీ రేడియో ఆగింది మామ వల్ల కాదు. నా వల్ల," అని జరిగిందంతా చెప్పాను.



"తనదే తప్పన్నాడు గదరా అబ్బాయ్ నాతో," అంది. "ఎన్ని మాటలన్నానో వాణ్ణి. వాడు పోయే ముందు శుక్రవారం గూడా అన్నాను, చేతగాని పని ఎందుకు పెట్టుకున్నావురా అని. నవ్వి ఊరుకున్నాడు."

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"టైమెంతయింది?" అంది.

"ఏడు కావస్తుంది పెద్దమ్మా."

కొంగు తలమీదికి లాక్కుని, వీపు నిటారుగా పెట్టి, ఫోను ఒళ్లోకి తీసుకుంది. అద్దం మీద అరచెయ్యి ఆనించింది. పక్కింటి టీవీలో ఏదో సబ్బు ప్రకటన అయిపోయింది, ఇంకొకటి మొదలైంది. ఆమె చెయ్యి తీయలేదు.