మూత బందా, కరెంటు బందా?

2023 వేసవి. మిర్యాలగూడ బస్టాండు పక్క సందులో నా ల్యాప్‌టాప్ రిపేరు షాపు. నాది ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా నా నోట ‘మూశాను’, ‘ఆపేశాను’ అనే మాటలే వస్తాయి. ఇక్కడివాళ్లకు రెంటికీ ఒకటే మాట, బంద్. తలుపూ బందే, ఫ్యానూ బందే. కరుణ వచ్చేదాకా దాన్ని నేను పట్టించుకోలేదు.

కరుణ మాడుగులపల్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో టీచరు. పాత ల్యాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది.

“టైపు కొడుతుంటె కొడుతుంటెనే పండుకుంటది సార్. స్క్రీన్ నల్లగయితది. ఇంకో షాపుల సూపిస్తె, విప్పకుంటనే ర్యామ్ ఖరాబైంది, మార్చాలన్నరు.”

ర్యామ్ అంటే మనం చేస్తున్న పనిని అప్పటికి పట్టి ఉంచే మెమరీ. చిన్న పచ్చ పలక మీద నల్లటి చిప్పులు. కరెంటు అందినంతసేపే దానికి జ్ఞాపకం. సేవ్ చేసిన ఫైళ్లు మాత్రం డిస్కులో భద్రంగా ఉంటాయి. ర్యామ్ మార్చడం నాకు మంచినీళ్లు తాగినంత పని.

“ఆపే తెచ్చావా అమ్మా?”

“ఆ సార్, బంద్ చేసిన.”

తిరగేసి అడుగు మూత విప్పాను. ర్యామ్‌ను ముట్టుకునే ముందు బ్యాటరీ వైరు పీకాలి. దాని మీద చెయ్యి వేశాను.

“జర పైలం సార్. లోపట మా అత్తమ్మ పాటలున్నయ్.”

వాళ్ల అత్తమ్మ నాట్లకు వెళ్లే కూలి మనిషి. మడిలో పాట ఎత్తుకునేది ఆమేనట. గొంతులో గడ్డ లేస్తే ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. రాసి చూపిద్దామన్నా చదువు రాదు. ఆపరేషన్‌కు ముందు ఆమె ఒక్కో పాటే చెబుతుంటే కరుణ కూర్చుని టైపు చేసింది.

“ఫోన్లో రికార్డు చేయకపోయావా?”

“ఫోన్ ముంగట పెడితె సిగ్గువడి నోరు విప్పకపోయేది సార్.”

“సరేలే, భయపడకు. పాటలు డిస్కులో ఉంటాయి. సేవ్ చేశావుగా?”

“సేవెందుకు సార్? బంద్ చేస్తె అట్లనే ఉంటయ్ గద. తెల్లారి తెరిస్తె ఏడ ఆపిన్నో ఆడనే కనవడ్తయ్.”

వైరు మీది చెయ్యి మెల్లగా తీశాను. ల్యాప్‌టాప్ అంచున చిన్న లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆమె బంద్ చేసింది మూతను, కరెంటును కాదు. మూత వేస్తే ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోతుంది. కరెంటు ఆదా చేయడానికి స్క్రీన్, డిస్కు అన్నీ ఆపేసి, ఒక్క ర్యామ్‌కు మాత్రం చుక్క చుక్క కరెంటు అందిస్తుంది. పాటలన్నీ ఆ చుక్క మీదే బతికి ఉన్నాయి. నేను వైరు పీకి ఉంటే, ఆ పాటలను భూమ్మీద ఇంకెవరూ చెప్పలేరు.

అడుగు మూత బిగించి, చార్జర్ పెట్టి, పై మూత తెరిచాను. స్క్రీన్ నల్లగానే ఉంది. బటన్ నొక్కాను. వెలగబోయి మళ్లీ ఆరిపోయింది.

“పోయినయా సార్?” అంటూ కరుణ ఇంకా ముందుకు వంగింది. ఆమె ఎడమ చెయ్యి కీబోర్డు పక్కనే ఆనించి ఉంది. ఆ చేతికి ఒక నల్ల కడియం.

“ఏంటమ్మా అది?”

“అయస్కాంతం కడెం సార్. నరాలకు మంచిదంటే జాతరల కొన్న.”

“ముందు ఆ చెయ్యి తియ్యి తల్లీ!”

మూత వేశారని ల్యాప్‌టాప్‌కు తెలిసేది అయస్కాంతంతోనే. మూతలో ఒక అయస్కాంతం, దాన్ని పసిగట్టే సెన్సర్ కింద కీబోర్డు పక్కన. కడియం దగ్గరికొచ్చిన ప్రతిసారీ, మూత పడిందనుకుని అది బుద్ధిగా నిద్రపోతోంది. ర్యామ్‌కు ఏ రోగమూ లేదు.

మళ్లీ బటన్ నొక్కాను. పాటలు వచ్చాయి, చివరి అక్షరం పక్కన కర్సర్ కొట్టుకుంటూ. కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. సేవ్ చేశాను, పెన్‌డ్రైవ్‌లో వేశాను, అయినా నమ్మకం చాలక ఆమె మెయిల్‌కూ పంపాను.

అప్పటినుంచి ఎవరు ‘బంద్ చేసిన’ అన్నా, “మూత బందా, కరెంటు బందా?” అని అడగనిదే స్క్రూ ముట్టను. రిపేరుకు ముందు ఎదుటి మనిషి మాట విప్పుకోవాలని నాకు అర్థమైంది అప్పుడే.

తర్వాత కరుణ పాటలు ప్రింటు తీయించుకోవడానికి వచ్చింది. వెంట వాళ్ల అత్తమ్మ, మెడకు రుమాలు. ఆటపట్టిద్దామని, “ఈసారి ఎట్లా బంద్ చేసి తెచ్చారు?” అన్నాను.

కరుణ నోరు తెరిచేలోపే ఆ పెద్దావిడ అరచేతి మీద అరచెయ్యి మూసి చూపించింది, అట్లా కాదన్నట్టు తల ఊపింది. తర్వాత బొటనవేలితో గాలిలో స్విచ్ నొక్కింది. నొక్కి, చప్పుడు లేకుండా భుజాలు ఊగేలా నవ్వింది.